చలిపొద్దున ముందు చక్రం గరగర: నాలుగో పాఠం

కారు చప్పుడు విని రోగం పట్టుకోవడం మీద మూడో పాఠం పెట్టిన దగ్గర్నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. "ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో తిప్పి వినండి" అన్నాను. తిప్పారు, విన్నారు, హడలిపోయారు. చలిపొద్దు చప్పుళ్ల సంగతికి వెళ్లే ముందు ఆ బాకీ తీర్చాలి.

నరసన్నపేటలో ఉండే మా అక్క కొడుకు పొద్దున్న ఆరింటికే ఫోన్ చేశాడు. "మావయ్యా, సక్రం తిప్పితే సుయ్ సుయ్‌మని రాపిడొచ్చింది. పేడ్లు మార్పించేసినాను" అన్నాడు. ఏం చెయ్యమంటావని అడగడానికి కాదు, చేసేశానని చెప్పడానికి! తీసిన పాత బ్రేకు ప్యాడ్ల (బ్రేకు వేస్తే డిస్క్‌ను నొక్కి పట్టే దిమ్మల) ఫొటో పక్కన స్కేలు ఉంచి పంపమన్నాను. నాలుగింటిలో మూడు ఎనిమిది మిల్లీమీటర్లు ఉన్నాయి. కొత్త ప్యాడే పది, పన్నెండు ఉంటుంది. మూడుకు దిగితే మార్చాలి. అంటే ఎంత సర్వీసు ఉన్నవాటిని పీకేయించాడో చూడండి. నాలుగోది మాత్రం ఐదే ఉంది, అదీ ఒక పక్కకు వాలుగా అరిగి. దాని సంగతి చివర్లో చెబుతాను.

తప్పు నాది. డిస్క్ బ్రేకులో, అంటే చక్రంతో తిరిగే ఇనప బిళ్లను ప్యాడ్లు రెండువైపులా నొక్కే బ్రేకులో, ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌కి ఆనుకునే ఉంటుందని చెప్పకుండా వదిలేశాను. పెడల్ వదలగానే, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. కాబట్టి సన్నని సుయ్‌మనే రాపిడి మంచి బండిలోనూ ఉంటుంది. కొత్త ప్యాడ్లు వేశాక అది ఇంకాస్త ఎక్కువే కావచ్చు. మావాడికి అదే జరిగింది, మళ్లీ ఫోన్ చేశాడు. భయపడాల్సింది చేతికి తెలిసే రాపిడికి. చక్రం తిప్పుతుంటే ఇసుక పోసిన తిరగలి తిప్పినట్టు అరచేతికి గరుకు తగిలితే, అప్పుడు ఆగి ఆలోచించండి. చెవికి మాత్రమే వినబడి చేతికి తెలియనిది రోగం కాదు.

ఇంకో ముగ్గురు "చక్రం అసలు తిరగనే లేదు" అన్నారు. గేర్‌లో ఉంచేశారు. మన చిన్న కార్లకు ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది. రెండో చక్రం నేల మీద ఉండి, బండి గేర్‌లో ఉంటే లేపిన చక్రం ఎటూ కదలదు. న్యూట్రల్‌లో పెట్టండి. బండి దొర్లకుండా హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటుంది. వాటికి ముందూ వెనకా ఇటుకలు పెట్టడం మామూలే. న్యూట్రల్‌లో కూడా కాస్త బరువుగా తిరుగుతుంది, ఎందుకంటే గేర్‌బాక్సులో సగం సరంజామా దాంతోపాటే తిరుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ వేసి ఒక్క చక్రాన్ని గాల్లో తిప్పి వినే పని మాత్రం వద్దు. అలా తిప్పితే ఆ చక్రం మామూలుకు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. బండి జాకీ మీంచి జారితే ఇక చెప్పేదేముంది!

బోల్టులు ఎప్పుడు వదులు చెయ్యాలి, జాకీ ఎక్కడ పెట్టాలి అన్నది మళ్లీ చెప్పను. మంచుకు తడిసిన మట్టినేలలో జాకీ కూరుకుపోయిందన్నవాళ్లు మాత్రం కింద చెక్క వేసుకోండి.

ఇక అసలు పాఠం. "చలికి ఇనుము బిగుసుకుపోయి చప్పుడొస్తోందండీ" అని షెడ్లలో చెబితే నమ్మకండి. విజయనగరంలో, శ్రీకాకుళంలో అంత చలి ఎక్కడ ఏడ్చింది? మన బండ్లకు పట్టేది చలి కాదు, తడి. డిస్క్ పోత ఇనుము. ప్యాడ్ రాసుకునే చోట దానికి రంగూ ఉండదు, నూనే ఉండదు. ధనుర్మాసంలో బండి ఆరుబయట ఉంటే రాత్రి కురిసిన మంచుకి తెల్లారేసరికి డిస్క్ మీద పల్చటి ఎర్రపొర కడుతుంది. టార్చి పట్టుకుని చక్రం సందుల్లోంచి చూడండి, పసుపులో కుంకం కలిపి పూసినట్టు ఉంటుంది. బండి కదిలిన మొదటి అడుగులోనే గర్‌మంటుంది, మూడోసారో నాలుగోసారో బ్రేకు వేసేసరికి పోతుంది. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి ఈ పొర ఇంకా త్వరగా, ఇంకా మందంగా కడుతుంది. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. తుప్పు వదిలించే స్ప్రే డిస్క్ మీద కొట్టానని ఒకాయన గర్వంగా రాశారు. అయ్యా, ఆ నూనె ప్యాడ్‌కి పడితే బ్రేకు పడదు. ఆ ప్యాడ్లు మార్పించుకోండి. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేయించి, అప్పుడు బండి తియ్యండి.

చిక్కంతా ఇక్కడే. పొద్దున్న వచ్చిన చప్పుడు షెడ్డుకెళ్లేసరికి ఉండదు. మేస్త్రి ఓ రౌండు వేసి "ఏమీ లేదు కదా" అంటాడు. అందుకే వినాల్సింది మీరు, మీ వీధిలో, మొదటి వంద మీటర్లలో. అద్దాలు దించి, ఫ్యాను ఆపి, పాటలు కట్టేసి. ఏ వేగంలో మొదలైంది, దేనికి పోయింది అన్నది నాకు చప్పుడు కంటే ముఖ్యం.

బ్రేకు వేసినప్పుడే గరగరమని, నాలుగు బ్రేకులకు కాదు కదా నలభైకీ పోకపోతే ప్యాడ్ అరిగి వెనకున్న ఇనప రేకు డిస్క్‌కి తగులుతోంది. అంతకుముందు కొన్నాళ్లు కీచుమని ఉంటుంది, మీరు పట్టించుకోలేదు. బండి ఆపేసి ప్యాడ్లు చూడండి, అరకు చూసొచ్చాక చూద్దాం అనొద్దు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఆ బ్రేకే కావాలి. స్టార్ట్ చేసి కదిలిన కాసేపటికి, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, ఒక్కసారే గుర్ర్‌మని ఆగిపోతే అది ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తనను తాను పరీక్షించుకోవడం. 2019 ఏప్రిల్ నుంచి తయారైన కార్లన్నిటికీ ఏబీఎస్ ఉంటుంది, పొద్దున్న వీధిలో సద్దు లేనప్పుడు ఇది బాగా వినబడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు, అంటే గేర్‌బాక్సు నుంచి చక్రానికి బలం తెచ్చే కడ్డీకి ఉండే కీలు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది.

బ్రేకుతో పని లేకుండా, రేకు మీద మేకుతో గీసినట్టు ఒకే తీరున వచ్చే చప్పుడుంది. డిస్క్ వెనక పల్చటి డస్ట్ కవర్ ఉంటుంది, దానికీ డిస్క్‌కీ మధ్య గ్రావెల్ రాయి ఇరుక్కుంటుంది. రెండు గజాలు రివర్స్ తీసి ముందుకు పోనివ్వండి, చాలాసార్లు రాలిపోతుంది. రాలకపోతే కవర్‌ను చేత్తో కాస్త వెనక్కి వంచితే చాలు. చలికాలంలో మన ఊళ్లలో ఇంకో తంతు ఉంది. తారురోడ్డు మీద ఉలవ మండలు పరిచి బండ్ల చేత తొక్కిస్తారు కదా, ఆ తీగలు ముందు యాక్సిల్‌కి చుట్టుకుంటాయి. మొన్న గజపతినగరం దాటాక నా బండే బరబరమంటూ మొదలెట్టింది. నాకు నేనే బేరింగ్ పోయిందని తీర్పు చెప్పేసుకుని, వంగి చూస్తే జానెడు మందాన ఉలవ కట్టె! చాకుతో కోసి లాగాను. రెండు గుప్పిళ్ల ఉలవలు కూడా దొరికాయి. (నవ్వకండి. ఎండు కట్టె వేడి సైలెన్సర్‌కి తగిలితే బండే అంటుకుంటుంది.)

మిగిలింది బేరింగ్. ఇక్కడ నాకు ఒళ్లు మండే పొరపాటు ఒకటుంది, అది చెప్పకుండా కదలను. బేరింగ్ చప్పుడు వూఁ అని మొదలై వేగంతో పాటు పెరుగుతుంది, ముదిరితే గరగర అవుతుంది. బ్రేకుతో మారదు, వంపులో మారుతుంది. "ఎడమకి తిప్పితే పెరుగుతోంది, అంటే ఎడమ బేరింగ్" అని మంచి బేరింగ్ పీకి పారేసినవాళ్లు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు. కాదు, కుడిది! బస్సులో నిలబడ్డప్పుడు గుర్తు చేసుకోండి. బస్సు ఎడమకి తిరిగితే మీరెటు తూలతారు? కుడికి. కారు బరువూ అంతే, ఎడమకి తిప్పితే కుడి చక్రం మీద పడుతుంది. బరువు పడిన బేరింగే మూలుగుతుంది. కుడికి తిప్పితే పెరిగిందా, ఎడమది. ఇంకా అర్థం కాకపోతే డాష్‌బోర్డు మీద సగం నీళ్లున్న సీసా అడ్డంగా పడుకోబెట్టి, పక్కవాళ్లను చూడమనండి. చప్పుడు పెరిగినప్పుడు నీళ్లెటు పోతే అటు బేరింగ్. కూర్చున్న సీటు నుంచి "ఎడమ పక్క వినబడింది" అన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. చప్పుడు రేకుల గుండా ఎటునుంచి ఎటైనా ప్రాకుతుంది.

ఖాయం చేసుకోవడానికి చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపమని అందరూ చెబుతారు. ఇప్పటి హబ్ బేరింగులు బాగా పోతేగాని ఊగవు. నేను చేసేది వేరు. ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగు పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పుతాను. పోయిన బేరింగైతే స్ప్రింగులో సన్నని జలదరింపు తెలుస్తుంది. రెండో చక్రం దగ్గరా అలాగే పట్టుకుని పోల్చి చూడండి. చక్రం ఆకుల మధ్యకు వేళ్లు పోనివ్వకండి.

అభ్యాసం: వరసగా మూడు రోజులు, తెల్లవారుజామున ఐదున్నరకి, బండి రాత్రంతా ఆరుబయట ఉన్నాక. ముందు టార్చితో రెండు డిస్కులూ చూసి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యండి. మొదటి వంద మీటర్లు, పదో బ్రేకు తర్వాత, ఎడమ వంపు, కుడి వంపు: నాలుగు చోట్ల విన్నది అక్కడికక్కడే ఆగి కాగితం మీద రాయండి. జ్ఞాపకం మీద ఇంటికొచ్చి రాసినవి నాకు పంపొద్దు.

మా అక్క కొడుక్కి వేరే పని. ఆ వాలుగా అరిగిన ఐదు మిల్లీమీటర్ల ప్యాడ్ ఏ చక్రానిదిరా అంటే, "అన్నీ ఒకే కవర్లో ఏసీసినారు మావయ్యా" అన్నాడు. బ్రేకు వదిలినా ఏదో ఒక చక్రం పట్టే ఉంటోంది, కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచి నొక్కే భాగం) జారే పిన్ను బిగుసుకుందని నా అనుమానం. కొత్త ప్యాడ్లకూ అదే గతి పడుతుంది. నరసన్నపేట నుంచి పది కిలోమీటర్లు పోయి రా, బ్రేకు వీలైనంత తక్కువ వాడు. దిగగానే రెండు ముందు చక్రాల రిమ్ముల దగ్గర అరచేతి వెనకవైపు పెట్టి చూడు, ఆనించకు. ఎటువైపు సెగ ఎక్కువుందో ఆ రోజే ఫోన్ చెయ్యి. పాత ప్యాడ్లు పారేయకు, ఐదో పాఠానికి అవే కావాలి.