సుడోకు సాల్వర్ ఎంతకీ తెమలడం లేదా? నాకు పనిచేసింది ఇదీ

పైథాన్‌లో రాసుకున్న నా బ్యాక్‌ట్రాకింగ్ సాల్వర్ (ఒక అంకె పెట్టి చూసి, కుదరకపోతే వెనక్కి వచ్చి మరొకటి ప్రయత్నించే ప్రోగ్రామ్) పేపర్లో వచ్చే సుడోకులను చిటికెలో తేల్చేసేది. 17 అంకెలే ఇచ్చి, పై వరుసంతా ఖాళీగా వదిలిన ఒక పజిల్ దగ్గర మాత్రం మొరాయించింది. దాని జవాబులో పై వరుస 987654321. గళ్లను వరసగా తీసుకుని 1 నుంచి పెట్టి చూసే ప్రోగ్రామ్‌ను ఏడిపించడానికే తయారుచేసిన పజిల్ అది!

వేగం కోసం ముందు లిస్టుల బదులు సెట్లు (పైథాన్‌లో డేటా దాచే రెండు రకాలు) వాడాను, పైథాన్ ప్రోగ్రామ్‌లను వేగంగా నడిపే పైపై (PyPy) మీద నడిపాను. పెద్దగా ఒరిగిందేమీ లేదు.

పనిచేసింది ఇదీ. ముందు ప్రతి ఖాళీ గడికీ పట్టే అంకెల జాబితా రాసుకున్నాను. ఒక గడిలో 5 పెట్టగానే దాని వరుస, నిలువు, పెట్టెలోని 20 పొరుగు గళ్ల జాబితాల్లోంచి 5 తీసేయాలి. ఏ జాబితా అయినా ఖాళీ అయితే అక్కడికక్కడే వెనక్కి. తర్వాతి గడిని వరసలో కాకుండా, అతి తక్కువ అంకెలు మిగిలినదాన్ని ఎంచుకోవాలి. అసలు వేగమంతా ఇక్కడే వచ్చింది.

వెనక్కి వచ్చేటప్పుడు జాగ్రత్త: ఈ అడుగులో నిజంగా తీసేసిన చోటే 5ను తిరిగి చేర్చాలి. 20 గళ్లకూ చేర్చేస్తే, అంతకుముందే పోయినవీ తిరిగొచ్చి తప్పు జవాబులొస్తాయి. అందుకే తీసినవి విడిగా రాసిపెట్టుకున్నాను.

స్కూలు టైమ్‌టేబుల్ వేయడానికి కూడా ఇదే పద్ధతి చాలుతుందని చెప్పలేను. అక్కడ చాలా పీరియడ్లకు సమానంగా అవకాశాలుంటాయి. అప్పుడు ఎక్కువ షరతులున్నదాన్ని ముందు తీసుకుంటే కొంత మేలు. మరీ పెద్దదైతే నేనైతే ఇలాంటి లెక్కల కోసం గూగుల్ తయారుచేసిన ఓఆర్-టూల్స్ (OR-Tools) సాఫ్ట్‌వేర్‌కే అప్పగిస్తాను.