పై అంతస్తు కాపురం, కింద పార్కు: రోజూ దిగి వెళ్ళడం ఎలా

ఎత్తైన అపార్ట్‌మెంటులో ఉండేవారికి పార్కు నిజంగా ఎంత దూరమో పటం చూస్తే తెలియదు. పటంలో అది రెండు వందల మీటర్లే కావచ్చు. కానీ 20వ అంతస్తులో ఉన్న మనిషి ముందు దాదాపు 60 మీటర్లు కిందికి దిగాలి, లిఫ్టు కోసం ఆగాలి, పార్కింగు స్థలం దాటి ప్రధాన గేటు చేరాలి, రోడ్డు దాటాలి, ఆపైన పార్కు ప్రహరీ వెంట నడిచి దాని గేటు ఎక్కడుందో చూసుకోవాలి. అందుచేత మొదట చేయవలసిన పని కొలత. ఒక రోజు గడియారం చూసుకొని, ఇంటి తలుపుకు తాళం వేసినప్పటి నుంచి పార్కులో బెంచీ మీద కూర్చునే వరకు ఎన్ని నిమిషాలు పట్టిందో, అందులో ఏ మలుపు దగ్గర ఎంతసేపు ఆగవలసి వచ్చిందో కాగితం మీద రాయండి. చాలామంది పార్కుకు వెళ్ళకపోవడానికి కారణం బద్ధకం కాదని, దారిలో ఉన్న ఈ చిన్న చిన్న ఆటంకాలేనని నా నమ్మకం. వాటిని ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోతే పార్కు మీ వాకిలి అవుతుంది.

నగరాల్లో మనుషులు ఎలా మసలుకుంటారో దశాబ్దాలపాటు పరిశీలించిన డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గెల్, ఐదో అంతస్తు దాటిన తరువాత ఇంట్లోవారికీ వీధికీ మధ్య సంబంధం తెగిపోతుందని వాదించారు. కింద ఎవరు వచ్చారో ముఖం గుర్తుపట్టలేము, పిలిస్తే వినబడదు, కాబట్టి కిందికి వెళ్ళాలన్న కోరిక దానంతట అది పుట్టదు. నేలమీది ఇంట్లో ఉన్నవారు ఊరికే గుమ్మం దాటి బయటికి వస్తారు. పైన ఉన్నవారు మాత్రం ఆ రాకను ఒక ఏర్పాటుగా చేసుకోవాలి.

ఏ పార్కును ఎంచుకోవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం, నగరంలో ప్రతి ఇంటికీ 300 మీటర్ల సరళరేఖ దూరంలో కనీసం అర హెక్టారు నుంచి ఒక హెక్టారు వరకు పచ్చని బహిరంగ స్థలం ఉండాలని సూచించింది. అది రమారమి ఐదు నిమిషాల నడక. మీకు ఆ దూరంలో చిన్న పార్కు, నాలుగు కిలోమీటర్ల దూరంలో చెరువూ తోటలూ ఉన్న పెద్ద పార్కు ఉంటే, రోజువారీ అలవాటుకు చిన్నదాన్నే ఎంచుకోండి. మేము పదకొండో అంతస్తులో కాపురం ఉన్న తొలి ఏడాది పెద్ద పార్కునే మనసులో పెట్టుకొని, వాహనం తీయడం, నిలిపే చోటు వెతకడం అనే పనులకు జడిసి నెలకు రెండుసార్లు కూడా వెళ్ళలేకపోయాము. ఇంటి పక్కనే ఉన్న నాలుగు చెట్ల స్థలానికి అలవాటుపడిన తరువాతే మా పిల్లలకు సాయంత్రాలు దక్కాయి.

నిర్ణయానికి వచ్చే ముందు ఆ పార్కును ఉదయం, మధ్యాహ్నం, చీకటి పడిన తరువాత, మూడు వేళల్లోనూ చూడండి. ఒకే స్థలం వేళను బట్టి పూర్తిగా మారిపోతుంది. బెంచీలకు వీపు ఆనించుకునే వీలుందా, వాటి మీద నీడ ఏ గంటకు పడుతుంది, దీపాలు నిజంగా వెలుగుతున్నాయా, మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా, తాగునీరు వస్తుందా అనేవి గమనించండి. అన్నిటికంటే ముఖ్యంగా అక్కడ ఎవరున్నారో చూడండి. ముసలివారు, పిల్లలు, ఒంటరిగా కూర్చున్న స్త్రీలు వేర్వేరు వేళల్లో కనబడితే ఆ పార్కు క్షేమమైనదని చాలావరకు నమ్మవచ్చు.

ఎత్తైన భవనాల నడుమ ఉన్న పార్కుకు మరొక లక్షణం ఉంటుంది. భవనం పైభాగానికి తగిలిన గాలి గోడ వెంట కిందికి జారి, మూలల దగ్గర వడిగా వీస్తుంది. ఆ మూలలో ఉన్న బెంచీ చలికాలంలో పనికిరాదు, వేసవిలో మాత్రం హాయిగా ఉంటుంది. అలాగే భవనపు నీడ ఎండను ఆపుతుంది గాని గాలిని చల్లబరచదు. చెట్టు తన ఆకుల నుంచి నీటి ఆవిరిని విడుస్తూ చుట్టూ ఉన్న గాలిని కూడా కొంత చల్లబరుస్తుంది. ఎండాకాలపు సాయంత్రం కూర్చోవడానికి చోటు వెతికేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

వేళను స్థిరపరచుకోవడం

వారానికి ఎంతసేపు అన్న ప్రశ్నకు ఒక ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలు లేదా అంతకు మించి ప్రకృతిలో గడిపినవారు తమ ఆరోగ్యం, మానసిక స్థితి బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా ఫలితంలో తేడా కనబడలేదు. ఇది కార్యకారణాన్ని నిరూపించే ప్రయోగం కాదు, అయినా రోజుకు 20 నిమిషాల చొప్పున ఆరు రోజులు అని లెక్క వేసుకోవడానికి మంచి ప్రమాణం.

ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను తెలిపే సూచిక (యూవీ ఇండెక్స్) 3 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న వేళల్లో టోపీ, నీడ అవసరం. ఎండ తీవ్రత నడిమధ్యాహ్నం చుట్టూ ఉండే నాలుగు గంటల్లో అన్నిటికంటే హెచ్చు. చలికాలంలో గాలి కదలని ఉదయాల్లో పొగ నేలకు దగ్గరగా పేరుకుంటుంది కనుక, గాలి నాణ్యత బాగాలేని రోజున నడకను ఎండ వచ్చిన తరువాతకు మార్చుకోవడం మేలు. డెంగీని మోసే దోమలు పగటిపూట, ముఖ్యంగా తెల్లవారిన తరువాతా పొద్దు గుంకే ముందూ కుడతాయి. పార్కుకు వెళ్ళే వేళలు కూడా సరిగ్గా అవే కాబట్టి, ఆ దోమలున్న ప్రాంతాల్లో కాళ్ళూ చేతులూ కప్పే బట్టలు వేసుకోండి. లిఫ్టు రద్దీని కూడా లెక్కలోకి తీసుకోవాలి: బడికీ ఉద్యోగాలకూ అందరూ దిగే అరగంటను తప్పించి పది నిమిషాలు ముందుగా బయలుదేరితే, మీరు రాసుకున్న కొలతలో పెద్ద భాగం తగ్గిపోవచ్చు.

తలుపు పక్కన ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. నీళ్ళ సీసా, చిన్న తువ్వాలు, కూర్చోవడానికి పరచుకునే గుడ్డ, దెబ్బలకు వేసే పట్టీలు, తాళంచెవుల నకలు అందులో ఉంటే చాలు. కింద పార్కులో ఏదో మరిచిపోయామని గుర్తుకు వస్తే నేల ఇంటివారు పరుగున వెళ్ళి తెచ్చుకుంటారు. పై అంతస్తువారికి ఆ వెసులుబాటు ఉండదు. అంతేకాక, ఎలాగూ దిగవలసిన పనికి పార్కును జత చేయండి: చెత్త పడవేయడానికో, పిల్లలను బడి వాహనం దగ్గర దించడానికో వెళ్ళినప్పుడు తిరిగి లిఫ్టు ఎక్కకుండా నేరుగా పార్కుకు నడిస్తే, రెండోసారి దిగే పని తప్పుతుంది.

పిల్లలతో

ఈ భాగం గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పై అంతస్తు బాల్కనీలో నిలబడి కింద ఆడుతున్న పిల్లలను కనిపెట్టుకోవడం సాధ్యం కాదు. కళ్ళకు చుక్కలా కనబడుతున్నంత మాత్రాన మీరు కాపలాగా ఉన్నట్టు కాదు, ఎందుకంటే ఏదైనా జరిగితే చేరుకోవడానికి లిఫ్టు దయ మీద ఆధారపడాలి. చిన్నపిల్లలతో పెద్దవారు ఒకరు తప్పక దిగాలి. రోజూ అది వీలుకాని కుటుంబాలు ఒకే అంతస్తులోనో ఒకే బ్లాకులోనో ఉన్న మూడు నాలుగు కుటుంబాలతో వంతులు వేసుకోవచ్చు. సోమవారం ఒకరు, మంగళవారం మరొకరు అని స్పష్టంగా రాసుకోవాలి, లేకపోతే ప్రతివారూ రెండోవారు చూస్తున్నారని అనుకుంటారు.

ఆట సామగ్రి దగ్గర చేరగానే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఆటస్థలాల్లో దెబ్బలకు ప్రధాన కారణం పై నుంచి పడటం, కాబట్టి ఊయల కింద, జారుడు బల్ల కింద కాంక్రీటు గాని గట్టిపడిన నేల గాని ఉంటే ఎత్తు తక్కువ ఉన్నవాటికే పరిమితం కావాలి. లోతుగా పోసిన ఇసుక, చెక్కపొట్టు, రబ్బరు పరుపు మేలైనవి. ఎండలో ఉన్న బల్లను ముందు మీ అరచేతి వెనుక భాగంతో తాకి చూడండి. కడ్డీల మధ్య సందు సుమారు 9 నుంచి 23 సెంటీమీటర్లు ఉంటే చిన్నపిల్లల శరీరం దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. సైకిలు హెల్మెట్టు, మెడ దగ్గర వేలాడే తాళ్ళు ఉన్న చొక్కా కూడా ఎక్కే సామగ్రికి తగులుకుంటాయి, వాటిని తీసివేయించాలి. చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం మరొకటి: పసివాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని జారడం క్షేమమనిపిస్తుంది గాని, పసివాడి కాలు బల్ల అంచుకు తగులుకుంటే పెద్దవారి బరువు వేగంతో కిందికి లాగి, మోకాలి కింది ఎముక విరిగిన సందర్భాలు వైద్యులకు బాగా తెలుసు. వాడు ఒంటరిగా జారలేని బల్ల వాడికి ఇంకా తగినది కాదు.

అయినా ఇంట్లో ఉంచుకోవడం దీనికి పరిష్కారం కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లల మీద జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన బడుల్లో మూడేళ్ళ తరువాత హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనబడటం) కొత్తగా వచ్చినవారు 30.4 శాతం కాగా, మామూలు బడుల్లో 39.5 శాతం. దూరంగా చూడటానికి చోటు లేని ఇళ్ళలో పెరిగే పిల్లలకు ఆ 40 నిమిషాల విలువ ఎంతో ఊహించవచ్చు.

లిఫ్టు ఆగిపోతే ఏం చేయాలో, పార్కులో తప్పిపోతే ఏ చెట్టు లేదా ఏ గేటు దగ్గర నిలబడాలో పిల్లలకు ముందే చూపించండి. ఉరుము వినబడిన వెంటనే భవనంలోకి వెళ్ళాలి, చెట్టు కింద నిలబడకూడదు, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచే దాకా బయటికి రాకూడదు.

పెద్దవారితో

మోకాళ్ళ నొప్పులున్నవారికి పార్కు విస్తీర్ణం కంటే బెంచీల మధ్య దూరమే ముఖ్యం. మొదటి బెంచీ దాకా వెళ్ళి తిరిగి రావడంతో మొదలుపెట్టి, కొన్ని రోజులకు రెండో బెంచీ దాకా పొడిగించండి. లిఫ్టుల మరమ్మతు ఉన్న రోజును ముందే తెలుసుకొని ఆ రోజు వారిని కిందికి తీసుకువెళ్ళకండి. దిగిన తరువాత ఎక్కలేకపోవడం దిగలేకపోవడం కంటే కష్టం. అసలే దిగలేని రోజుల్లో చెట్లు కనబడే కిటికీ పక్కకు కుర్చీ జరపడం కూడా వృథా కాదు. శస్త్రచికిత్స అయినవారిలో చెట్లు కనబడే గదిలో ఉన్నవారు, ఇటుక గోడ కనబడే గదిలో ఉన్నవారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారని పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ 1984లో చూపించారు.

పార్కు పాడైపోతున్నప్పుడు

వెలగని దీపం, విరిగిన బల్ల, నిలిచిన నీరు కనబడితే ఫోటో తీసి, స్తంభం సంఖ్యో గేటు పేరో రాసి, తేదీతో సహా ఆ పార్కు నిర్వాహకులకు పంపండి. 'పార్కు బాగాలేదు' అన్న ఫిర్యాదు మీద ఎవరూ పనివారిని పంపలేరు, 'తూర్పు గేటు నుంచి మూడో దీపం' అంటే పంపగలరు. ఒక్కో ఫ్లాటు వారు విడిగా రాసేకంటే పది మంది సంతకాలతో ఒకే లేఖ పంపితే త్వరగా కదులుతుంది. రెండు వారాల్లో బాగు కాకపోతే పాత ఫిర్యాదు సంఖ్యను పేర్కొంటూ మళ్ళీ రాయండి, అది బాగయ్యే దాకా చీకటి పడిన తరువాత మరో గేటు వైపు నుంచి వెళ్ళండి.