మనుషులను మార్చినా ప్రాజెక్టు కదలడం లేదా? సమస్య - పరిష్కారం

లక్షణం: గడువు దగ్గరపడిన ప్రాజెక్టుకు మరో టీమ్ నుంచి ఇద్దరు డెవలపర్లను తెచ్చారు. రెండు స్ప్రింట్లు, అంటే రెండు పని విడతలు, గడిచినా పూర్తయిన పనుల సంఖ్య పెరగలేదు, పైగా వారు వదిలివచ్చిన ప్రాజెక్టు కూడా నెమ్మదించింది. కొద్దిమందితోనే నాలుగైదు ప్రాజెక్టులు నడిపే విజయనగరంలోని చిన్న ఆఫీసుల నుంచి నా దగ్గరకు తరచుగా వచ్చే ఫిర్యాదు ఇదే.

ముందుగా చూడవలసినది

ఏ పని ఏ దశలో ఉందో గడులుగా చూపే టాస్క్ బోర్డు తెరిచి పని ఏ గడిలో పేరుకుపోయిందో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఐదు నిమిషాల పనిని దాటవేసి నేరుగా మనుషుల జాబితా మీద పడతారు. పనులన్నీ రివ్యూ (రాసిన కోడ్‌ను మరొకరు సరిచూడడం) గడిలో ఒక్కరి కోసం ఎదురుచూస్తున్నప్పుడు కోడ్ రాసేవారిని చేర్చితే ఆ వరుస పొడవు పెరగడం తప్ప మరేమీ జరగదు. అక్కడ కావలసింది రివ్యూ చేయగల రెండో మనిషి. క్లయింటు జవాబు కోసం పని ఆగి ఉంటే ఎవరినీ కదపనవసరం లేదు.

కారణం: చేర్చిన సమయం

ఐబీఎం సిస్టమ్ 360 కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ రాయించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లోనే హెచ్చరించారు. ఐదుగురి టీమ్‌లో ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10 ఉంటే, మరో ముగ్గురు చేరగానే అవి 28 అవుతాయి. ఉభాలు (వరి నాట్లు) అయిన మడి మూన తిరగడానికి (వేళ్లూనుకుని పచ్చబడడానికి) కొన్ని రోజులు పట్టినట్టే కొత్తవారికీ పడుతుంది, ఆ రోజుల్లో పాతవారి సమయం కూడా నేర్పడానికే పోతుంది. కొత్తవారికి విడిగా చేయగల పనులు, అంటే లోపాలను మళ్లీ రప్పించి చూడడం, టెస్టులు రాయడం వంటివి, అప్పగించండి. గడువును నిర్ణయించే ప్రధాన భాగాన్ని పాతవారి చేతిలోనే ఉంచండి.

దాగి ఉండే అసలు కారణం: మనిషి రాలేదు, పేరు మాత్రమే వచ్చింది

నాకు ఇది తెలిసేసరికి ఒక గడువు చేజారింది. ఒక బిల్లింగ్ ప్రాజెక్టుకు సీనియర్ డెవలపర్ ఒకరిని కేటాయించి, షీటులో ఆయన పేరుకు ఎదురుగా 100 శాతం అని రాసుకున్నాము. ఆయన రోజూ శ్రీకాకుళం నుంచి రైల్లో వచ్చి అందరికంటే ఆలస్యంగా ఇంటికి బయలుదేరేవారు, అయినా ఆయన పనులు ప్రతి సమీక్షలోనూ సగం దగ్గరే ఉండేవి. పని కష్టమైనదేమో అనుకుని మరొకరిని తోడు ఇచ్చాను, దానితో ఆ కొత్తవారికి నేర్పే బరువు కూడా ఆయన మీదే పడింది. చివరకు మరేదో వెతుకుతూ ఆయన పాత ప్రాజెక్టు రిపాజిటరీ (కోడ్ భద్రపరిచే చోటు) తెరిస్తే, అందులో ఆ వారపు కమిట్లు (నమోదైన కోడ్ మార్పులు) ఆయన పేరు మీదే ఉన్నాయి.

ఆయన దాచిందేమీ లేదు. పాత టీమ్‌లోని చిన్నవాళ్లు "అన్నయ్యా, రెండు నిమిషాలు" అని ఫోను చేస్తే కాదనలేకపోయారు, పాత క్లయింటుకు కూడా ఆయన నంబరే తెలుసు. ఇటువంటి సాయాన్ని ఎవరూ పనిగా లెక్కించరు గనుక అది ఏ బోర్డు మీదా కనిపించదు.

అందువల్ల కేటాయింపు షీటును నమ్మకుండా, మారిన వ్యక్తి పేరు మీద పాత రిపాజిటరీలో గత రెండు వారాల కమిట్లు, రివ్యూలు చూడండి. "నిన్న ఎవరెవరికి జవాబు ఇచ్చారు?" అని ఆయననే అడగండి, "ఖాళీ ఉందా?" అని అడిగితే ఉందనే చెబుతారు. తరువాత పాత బాధ్యతను ఫలానావారిదని పేరు పెట్టి అప్పగించి, క్లయింటుకు కొత్త నంబరు తెలియజేసి, పాత టీమ్ ప్రశ్నలన్నీ వారి లీడ్ ద్వారా రోజుకు ఒక నిర్ణీత గంటలోనే వచ్చేలా చేయండి. ఆ గంటను షీటులో రాయడం మరువవద్దు. అది రాయడానికి మొహమాటపడే మేనేజర్లను చాలామందిని చూశాను.

అరుదైనవి

దసరా తరువాతి మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి సెలవులు పడి పని తగ్గితే అది క్యాలెండరు సమస్య, ముందే లెక్కలో వేసుకోండి. కొత్తవారికి అనుమతులు రాకపోవడం ఒక్క మెయిలుతో తీరుతుంది.

ఒక స్ప్రింటు తరువాత పాత రిపాజిటరీని మళ్లీ చూడండి. ఆ పేరు ఇంకా రోజూ కనిపిస్తుంటే కేటాయింపును సగంగా దిద్ది, దాని ప్రకారం వచ్చే తేదీనే క్లయింటుకు చెప్పండి.