మాటిమాటికీ మెలికపడే చీలమండ: నా అనుభవం

మూడేళ్ల క్రితం షటిల్ ఆడుతుంటే కుడికాలు బెణికింది. వాపు రెండు వారాల్లో తగ్గింది, నొప్పీ పోయింది. కానీ ఆ తర్వాత గతుకుల రోడ్డు మీద, బస్సు దిగేటప్పుడు, చివరికి ఇంటి గడప దగ్గర కూడా పాదం లోపలికి తిరిగిపోయేది. మెట్లు దిగాలంటే టెన్షన్.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఫిజియో ఒంటికాలి మీద నిలబడమన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎడమకాలి మీద హాయిగా నిలబడ్డాను. కుడికాలి మీద కళ్లు మూసుకుంటే ఐదు సెకన్లు కూడా ఆగలేకపోయాను. బెణికినప్పుడు బయటివైపు లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే కణజాలపు పట్టీ) సాగిపోవడమే కాదు, పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు చేరవేసే స్పందన కూడా మందగిస్తుందట. వట్టి విశ్రాంతితో అది తిరిగి రాదు.

ఇక రోజూ పళ్లు తోముకుంటూ కుడికాలి మీదే నిలబడ్డాను. మొదట గోడ పట్టుకుని, తర్వాత వదిలేసి, నెల దాటాక మడతపెట్టిన దుప్పటి మీద. మంచం కోడుకు రబ్బరు బ్యాండు కట్టి పాదాన్ని బయటివైపుకు లాగేవాణ్ణి, పదిహేనేసి సార్లు, మూడు విడతలు. విసుగొస్తుంది, అయినా మానకండి. ఆటకు వెళ్తే బ్రేస్ (చీలమండకు ఆసరాగా కట్టుకునే పట్టీ) తప్పనిసరి.

మూడు నెలలకు తేడా తెలిసింది. ఈ సంక్రాంతికి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. దిగేటప్పుడు కూడా పాదం ఒక్కసారీ తిరగలేదు.