సూపర్‌వైజ్డా, అన్‌సూపర్‌వైజ్డా? ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు ఇట్లా తేల్చుకోండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఫైనల్ ఇయర్ మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్ట్ రాగానే అడిగే మాట "అన్నా, ఏ అల్గారిథమ్ వాడమంటావ్?" అని. అది తర్వాత సంగతబ్బా. ముందు మీ ఎక్సెల్ షీట్ తెరవండి, మెషీన్ చేత చెప్పించాలనుకునే జవాబు అందులో ఒక కాలమ్‌గా ఇప్పటికే రాసుందా లేదా చూడండి. ఉంటే సూపర్‌వైజ్డ్. లేకపోతే, డేటాలో తనంతట తానే ఏ గుంపులున్నాయో చూడాలంటే అన్‌సూపర్‌వైజ్డ్.

మనూరి పనితోనే చూద్దాం. సీజన్‌లో దామలచెరువు మండీకి వచ్చే మామిడికాయల ఫోటోలు తీసి, ఒక్కో ఫోటో పక్కన ఇది తోతాపురి, ఇది బేనీషా, ఇది నీలం అని కాయ తెలిసినోళ్ళ చేత రాయించారనుకోండి, ఆ రాసిందే లేబుల్. మోడల్, అంటే డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్, ఫోటో చూసి ఒక జవాబు చెప్తాది, లేబుల్‌తో ఎంత తేడా వచ్చిందో చూసి లోపలుండే నంబర్లు కొంచెం కొంచెం సర్దుకుంటాది, అట్లా వేల సార్లు. రకం పేరు చెప్పాలంటే క్లాసిఫికేషన్, బరువో రేటో నంబర్‌గా చెప్పాలంటే రిగ్రెషన్, రెండూ సూపర్‌వైజ్డే.

ఇందులో అసలు కష్టమంతా లేబుల్స్‌ది, కోడ్‌ది కాదు. ఒక వంద ఫోటోలు ఇద్దరికి విడివిడిగా ఇచ్చి రాయించండి, ఎక్కడెక్కడ ఇద్దరి మాటా కలవలేదో చూడండి, పచ్చి కాయల్లో వాళ్ళిద్దరికే పొంతన లేకపోతే ఆ డేటాతో మోడల్‌కి ఎన్ని మార్కులొచ్చినా నేనైతే నమ్మను. ఇంకోటి, డేటాలో ఒక 20 శాతం టెస్ట్ కోసం ముందే పక్కన పెట్టేయండి, ట్రైనింగ్‌లో మోడల్ దాన్ని చూడనే కూడదు. ఒకే కాయకి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుంటే ఆ నాలుగూ ఒకే పక్కకి పోవాలి, అటు రెండు ఇటు రెండు పడితే మోడల్ కాయని గుర్తుపెట్టుకుని టెస్ట్‌లో భలే చెప్పినట్టు కనిపిస్తాది, కొత్త కాయ పెడితే తేలిపోతాది.

ఇప్పుడు వేరే పని. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చానా ఉండాయి కదా, ఒక ఫ్యాక్టరీకి వచ్చే లోడ్ల లెక్క మీ దగ్గరుంది: ఎన్ని కిలోలు, తీపి ఎంత అని చెప్పే బ్రిక్స్ రీడింగ్, తీసేసిన కాయలెన్ని శాతం. మంచి లోడు, చెడ్డ లోడు అని ఎవరూ రాయలేదు. దీన్ని కేమీన్స్ అనే క్లస్టరింగ్ (గుంపులు చేసే) అల్గారిథమ్‌కి ఇస్తే దగ్గర దగ్గరగా ఉండే లోడ్లని గుంపులు చేసి పెడతాది, అంతే. ఆ గుంపుకి పేరు పెట్టాల్సింది, దానికి అర్థముందో లేదో చూడాల్సింది మనమే.

ఒక జాగ్రత్త. కేమీన్స్ దూరాలు కొలుస్తాది. కిలోలు వేలల్లో ఉంటాయి, బ్రిక్స్ పదీ పదిహేనూ, ఆ చుట్టుపక్కలే. అట్లాగే ఇస్తే బ్రిక్స్‌ని పట్టించుకోనట్టే, బరువుని బట్టే గుంపులు పడిపోతాయి, కాబట్టి సైకిట్ లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో ఉండే స్టాండర్డ్ స్కేలర్‌తో అన్ని కాలమ్స్‌నీ ఒకే స్కేల్‌కి తెచ్చి అప్పుడు ఇవ్వండి.

రెండింటి తేడా కళ్ళారా చూడాలంటే బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్ తెరిచి సైకిట్ లెర్న్‌లో ఐరిస్ పూల డేటా లోడ్ చేయండి. 1936లో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ తన పేపర్‌లో వాడింది ఇదే, 150 పూలు, మూడు రకాలు (సెటోసా, వెర్సికలర్, వర్జినికా), రకానికి 50, ఒక్కో పూవుకి నాలుగు కొలతలు. ముందు పేర్లతో సహా ఇచ్చి లాజిస్టిక్ రిగ్రెషన్ చేయండి (పేరులో రిగ్రెషన్ ఉన్నా ఇది క్లాసిఫికేషన్‌కే), టెస్ట్ పూలల్లో దాదాపు అన్నీ కరెక్ట్‌గా చెప్పేస్తాది. తర్వాత పేర్ల కాలమ్ తీసేసి, కొలతలు మాత్రమే కేమీన్స్‌కి ఇచ్చి మూడు గుంపులు చేయమనండి. అన్నీ సెంటీమీటర్లే కాబట్టి ఇక్కడ స్కేలింగ్ లేకుండానే చేయొచ్చు. 50, 62, 38 అని పడతాయి. సెటోసా 50 పూలూ శుభ్రంగా విడిపోతాయి, కానీ వర్జినికాలో 14 పోయి వెర్సికలర్ గుంపులో కూర్చుంటాయి, వెర్సికలర్‌లో రెండు వర్జినికా గుంపులోకి పోతాయి. ఇంకా చూడండి, ఎన్ని గుంపులు బాగుంటాయో కొలిచే సిల్హౌట్ స్కోర్ (ఎక్కువుంటే గుంపులు బాగా విడిపోయినట్టు) మూడింటికి 0.55 వస్తే రెండింటికే 0.68 వస్తాది! అంటే పేర్లు తెలీని మెషీన్‌కి ఆ పూలు రెండు రకాల్లాగే కనిపిస్తున్నాయి. దాని తప్పేం లేదు, మనం అడిగింది దగ్గరగా ఉండేవాటిని కలపమని, రకం చెప్పమని కాదు.

అందుకే క్లస్టరింగ్ చేసి "యాక్యురసీ 95 శాతం" అని రిపోర్ట్‌లో రాయొద్దండీ, లేబుల్స్ లేకుండా దేంతో పోల్చినట్టు? ఆ గుంపులు ఫ్యాక్టరీలో కాయ దించుకునే మనిషికి చూపించి, ఇవి నీకు పనికొస్తాయా అని అడగండి, అది నిజమైన పరీక్ష.

ఫోటోలు బోలెడన్ని ఉండి లేబుల్ రాసే మనుషులు లేకపోతే రెండూ కలిపి వాడండి: ముందు క్లస్టరింగ్ చేసి, ఒక్కో గుంపులోంచి కొన్ని ఫోటోలు తీసి వాటికి మాత్రం పేర్లు రాయించి, వాటితో సూపర్‌వైజ్డ్ మోడల్ మొదలుపెట్టి, అది ఎక్కడ తడబడుతుందో ఆ ఫోటోలకి తర్వాతి విడతలో లేబుల్ రాయించండి.