కొండదారి దుమ్ముకు తగిన గుడ్డ: కారు లోపలికి మైక్రోఫైబర్ తువ్వాళ్ల ఎంపిక

దక్షిణ ఒడిశాలో రాయగడ, కోరాపుట్ వైపు తిరిగే కార్లలో పేరుకునే దుమ్ముకూ, బరంపురం, గోపాల్‌పూర్ వైపు తిరిగే కార్లలో చేరే దుమ్ముకూ చాలా తేడా ఉంటుంది. కొండ జిల్లాల ఎర్రమట్టి మెత్తగా ఉండి ఏసీ జాలీల సందుల్లోకీ సీటు కుట్ల మధ్యకూ దూరిపోతే, సముద్రం ఒడ్డున చెప్పులతో పాటు ఇసుకా, గాలితో పాటు ఉప్పుతేమా లోపలికి వస్తాయి. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ ఖనిజానికి, గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కాఠిన్య కొలమానంలో 7 ఉంది. డాష్‌బోర్డు ప్లాస్టిక్కు దాని ముందు ఏపాటిదీ కాదు. కాబట్టి కారు లోపల తుడిచే గుడ్డ రేణువును పైకెత్తి తనలో దాచుకోవాలే తప్ప, దాన్ని ప్లాస్టిక్కు మీద అటూ ఇటూ ఈడ్వకూడదు. పాత బనియను గుడ్డ, నూలు తువ్వాలు చేయలేని పని ఇదే.

మైక్రోఫైబర్ అంటే 1 డెనియర్ కంటే సన్నని పోగు. బరంపురం పట్టు నేసే ఇళ్లలో పెరిగినవారికి డెనియర్ లెక్క చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం చెప్పాలంటే, 9000 మీటర్ల పొడవున్న పోగు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్ల పోగు. శుభ్రం చేసే గుడ్డల్లో పాలియెస్టరునూ, నైలాన్ జాతికి చెందిన పాలియమైడునూ కలిపి ఒకే పోగుగా తీసి, ఆ తరువాత దాన్ని నిలువునా అనేక చీలికలుగా విడదీస్తారు. చీలిన ప్రతి ముక్కకూ పదునైన అంచులు ఏర్పడతాయి. ఆ అంచులు దుమ్మును పట్టుకుంటాయి, వాటి మధ్య మిగిలిన సందులు నీటినీ జిడ్డునూ లాక్కుంటాయి. చీల్చని పోగుతో చేసిన గుడ్డ మీద కూడా మైక్రోఫైబర్ అనే రాస్తారు, చూడటానికి ఒకేలా ఉంటుంది కూడా. అయితే అది నీటిని పీల్చకుండా ముందుకు నెడుతుంది.

ఈ రెండింటినీ వేరుచేయడం కష్టం కాదు. పొడిబారిన అరచేతి మీద గుడ్డను మెల్లగా లాగితే, చీలిన పోగు చర్మపు గరుకుకు తగులుకుంటూ కాస్త చిరాకు పుట్టిస్తుంది. చీలని పోగు నున్నగా జారిపోతుంది. ఇంటికి తెచ్చాక స్టీలు పళ్లెంలో చెంచాడు నీళ్లు పోసి, గుడ్డను ఒక్కసారి వాటి మీదుగా లాగి చూడవచ్చు. అయితే కొత్త గుడ్డకు తయారీలో పూసిన పదార్థాలు అంటుకుని ఉండే అవకాశం ఉంది గనుక, ఒకసారి ఉతికాకే ఈ నీళ్ల పరీక్ష చేయడం న్యాయం. అట్టపెట్టె మీద 80/20 లేదా 70/30 అని ఉంటే మొదటి అంకె పాలియెస్టరు శాతం, రెండవది పాలియమైడు శాతం. పాలియమైడు పెరిగిన కొద్దీ మెత్తదనం, పీల్చే గుణం, ధర కూడా పెరుగుతాయి. కారు లోపలి పనికి 80/20 చాలు. 70/30 కోసం అదనంగా ఖర్చు పెట్టడం పెయింటు మెరుగుపెట్టేవారికి సమంజసం కావచ్చు గానీ, డోరు ప్యాడ్లు తుడిచేవారికి కాదు.

కొనేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది మందం దగ్గర. మందం పెరిగితే నాణ్యత పెరిగినట్టే అనిపిస్తుంది, దుకాణదారు కూడా జీఎస్‌ఎం అంకెనే గొప్పగా చెబుతాడు. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ తూగే గ్రాములు, అంతే. అది బరువుకు కొలతే గాని నాణ్యతకు కాదు. 600 జీఎస్‌ఎం, అంతకుమించిన దళసరి తువ్వాళ్లు కడిగిన బండి బాడీని ఆరబెట్టడానికి పనికివస్తాయి. లోపల మాత్రం అవి గేరు లివరు పక్కనా, ఏసీ జాలీల మూలల్లోనూ దూరవు, పైగా తడిపితే ఆరడానికి ఒక పూట పడుతుంది. లోపలి పనిలో అధిక భాగానికి 250 నుంచి 350 జీఎస్‌ఎం మధ్య, పొట్టి నూగు ఉన్న గుడ్డే సరైనది. పెట్టె మీది అంకెను నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లో వంటగది తూకం ఉంటే చాలు. 40 సెంటీమీటర్ల చదరపు గుడ్డ వైశాల్యం 0.16 చదరపు మీటర్లు కనుక, అది 48 గ్రాములు తూగితే 300 జీఎస్‌ఎం అన్నమాట. 400 అని రాసి ఉన్న గుడ్డ 64 గ్రాములకు బాగా తక్కువగా తూగితే, మరోసారి ఆ సరుకు వైపు చూడనవసరం లేదు.

ఆ 40 సెంటీమీటర్ల చదరమే చేతికి అనువైన కొలత. దాన్ని రెండుసార్లు మడిస్తే ఒక్కో వైపు నాలుగు చొప్పున ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. ఒక ముఖం ఎర్రబడగానే తిప్పుకుంటూ పోతే, ఎత్తిన మట్టిని మళ్లీ డాష్‌బోర్డుకే పూసే పరిస్థితి రాదు. అంచుల సంగతి కూడా చూడాలి. దారంతో బిగించి కుట్టిన అంచు గరుకుగా ఉంటే, ఇప్పటి కార్లలో ఎక్కువగా కనిపించే నల్లని అద్దంలాంటి ప్లాస్టిక్కు మీద గీతలు పడతాయి. కుట్టు లేకుండా కోసిన అంచు లేదా పట్టులాంటి మెత్తని పట్టీ వేసిన అంచు ఆ భాగాలకు మేలు. గుడ్డకు కుట్టిన కంపెనీ చీటీని మాత్రం మొదటిరోజే కత్తిరించేయాలి, దాని మూలలు గట్టిగా ఉంటాయి.

లోపలి అద్దాలకు నూగు గుడ్డ పనికిరాదు. ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు ప్లాస్టిక్కు నుంచి వెలువడే ఆవిర్లు ముందు అద్దం లోపలి వైపు పలచని జిడ్డుపొరగా పేరుకుంటాయి. పగలు అది కనబడదు; రాత్రివేళ సాలూరు ఘాటులో ఎదురుగా లారీ లైటు పడినప్పుడు అద్దమంతా తెల్లగా మసకబారితే అది ఆ పొర ప్రభావమే. దీన్ని తీయడానికి గళ్లగళ్లుగా ఉండే వాఫిల్ నేత గుడ్డ గానీ, నూగు బొత్తిగా లేని చదునైన గుడ్డ గానీ రెండు కావాలి: ఒకటి కొద్దిగా తడిపినది, వెంటనే తుడవడానికి మరొకటి పూర్తిగా పొడిది. అద్దాలకు ఫిల్ము అంటించి ఉంటే అమోనియా ఉన్న ద్రవాలను దూరంగా ఉంచాలి. టచ్ స్క్రీనుకు కళ్లజోడు తుడుచుకునే రకం స్వేడ్ గుడ్డ వాడి, ద్రవాన్ని తెర మీద కాకుండా గుడ్డ మీదే చల్లాలి.

రెక్సిన్, తోలు సీట్లకు డాష్‌బోర్డు గుడ్డలే సరిపోతాయి. బట్ట సీట్లకు మాత్రం తెల్లనివీ లేత రంగువీ తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఎంత మురికి వచ్చిందో అందులో కనబడుతుంది, తడిసిన గుడ్డ రంగు సీటుకు అంటుకునే భయమూ ఉండదు. ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డలను కొన్న రోజే గోరువెచ్చని నీటిలో నానబెట్టి, తెల్లకాగితం మధ్య పిండి చూస్తే రంగు దిగేదీ లేనిదీ తేలిపోతుంది.

మన ప్రాంతంలో సెప్టెంబరు 17 దగ్గర విశ్వకర్మ పూజకూ, మళ్లీ దసరాకూ బండికి పసుపుకుంకాలు పెట్టడం ఆనవాయితీ. పూజ మరునాడు డాష్‌బోర్డు మీద, స్టీరింగు మీద రాలిన కుంకుమను తడిగుడ్డతో తుడిస్తే అది ప్లాస్టిక్కు గరుకులోకి ఇంకి మరకవుతుంది. ముందు మెత్తని కుంచెతో దులిపి, పొడి గుడ్డతో అద్దినట్టుగా ఎత్తి, చివర మాత్రమే తడి గుడ్డ వాడాలి. ఆ గుడ్డను ఇక ఆ పనికే కేటాయించడం మేలు, పసుపు ఒకసారి పట్టిందంటే పోదు.

ఒక కారున్న ఇంటికి అద్దాలకు రెండు, డాష్‌బోర్డుకూ డోర్లకూ నాలుగు, సీట్లకు రెండు గుడ్డలుంటే సరిపోతుంది. ఒక్కో పనికి ఒక్కో రంగు కేటాయిస్తే ఇంట్లో ఎవరు తుడిచినా తారుమారు కావు. డాష్‌బోర్డుకు మెరుపు ద్రవం రాసిన గుడ్డ అద్దానికి తగిలితే జిడ్డు గీతలు పడతాయి. అదే గుడ్డతో స్టీరింగునూ పెడళ్లనూ తుడిస్తే అవి జారతాయి, అది ప్రమాదం కూడా. నేల మీద పడిన గుడ్డను దులిపి మళ్లీ డాష్‌బోర్డుకు వాడకూడదు, అది అప్పటి నుంచి కాళ్ల మ్యాట్ల గుడ్డే. గడ్డిలో పడితే మరీ అన్యాయం, ఆ పోగుల్లో చిక్కిన గడ్డి ముళ్లను ఏరడం కన్నా కొత్తది కొనడం తేలిక.

ఉతికేటప్పుడు నూలు తువ్వాళ్లతో కలిపితే వాటి పీచంతా ఈ గుడ్డలకే పడుతుంది కాబట్టి వీటిని విడిగా, ద్రవరూపపు సబ్బుతో, గోరువెచ్చని నీటిలో ఉతకాలి. బట్టలకు వాసన, మెత్తదనం తెచ్చే కండిషనరు పోగుల సందుల్ని పూడ్చేస్తుంది, బ్లీచింగు పోగును దెబ్బతీస్తుంది, ఇస్త్రీ వేడికి పోగుల కొసలు కరిగి గట్టిపడతాయి. రోడ్డు వారగా దండెం మీద ఆరేస్తే లారీల దుమ్మంతా మళ్లీ పట్టుకుంటుంది గనుక నీడన, ఇంటి లోపల ఆరనివ్వాలి; వానాకాలంలో పూర్తిగా ఆరిందని తేల్చుకున్నాకే మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. ఉతికాక కూడా మెత్తదనం పోయి గట్టిగా ఉండే గుడ్డను అద్దాల వరుస నుంచి డోర్ల వరుసకూ, అక్కడి నుంచి మ్యాట్లకూ, చివరికి చక్రాలకూ దించుకుంటూ పోవచ్చు.