తెల్ల బుల్ టెర్రియర్ పిల్లని తెచ్చుకునే ముందు చెవులు చూడండి

బుల్ టెర్రియర్ పిల్లని తెచ్చుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. తెల్ల పిల్ల అయితే ముందు దానికి వినిపిస్తుందో లేదో చూసుకోండి. ఈ జాతి తెల్ల కుక్కల్లో దాదాపు 20 శాతానికి పుట్టుకతోనే ఒక చెవో రెండు చెవులో పనిచేయవు. ఒంటి మీద రంగు ఉన్నవాటిలో ఈ సమస్య చాలా తక్కువ.

వినిపిస్తుందో లేదో చూడాలంటే, పిల్లని తోటి పిల్లల నుంచి విడిగా పడుకోబెట్టండి. లేకపోతే అవి లేస్తే ఇదీ లేస్తుంది, మనం వినిపించిందనుకుంటాం. నిద్రలో ఉండగా వెనక నుంచి తాళాల గుత్తి ఆడించండి. దగ్గరగా చప్పట్లు కొట్టొద్దు, నేల మీద కాలు కొట్టొద్దు. గాలి కదలిక, నేల అదురు తెలిసి చెవిటి పిల్ల కూడా తల ఎత్తుతుంది.

ఒక్క చెవి బాగున్నా ఇందులో పాసైపోతుంది. కచ్చితంగా తెలియాలంటే బేర్ (BAER) టెస్టే చేయించాలి, అంటే శబ్దానికి మెదడు స్పందిస్తుందో లేదో ఒక్కో చెవికి విడివిడిగా మెషీన్‌తో చూసే పరీక్ష. ఆరు వారాలు నిండిన పిల్లకి చేయొచ్చు. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అడిగి చూడండి.

చెవిటిదని తేలితే మాత్రం దయచేసి వదిలేయకండి. ఈ కుక్కలకి మనుషులంటే ప్రాణం, చూపంతా మన మీదే ఉంటుంది. చేతి సైగలు బాగా నేర్చుకుంటాయి. బయట బెల్టు తీయొద్దు. నిద్రలో ఉంటే గభాలున మీద చేయి వేయకుండా, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిచ్చి లేపండి. మీ ఇంట్లో చిన్న పిల్లలకి కూడా ఇది నేర్పాలి.

ఇంకోటి, రంగు ఏదైనా సరే, ఏడాదికోసారి మూత్రంలో ప్రొటీన్ టెస్ట్ చేయించండి. ఈ జాతిలో వంశపారంపర్యంగా కిడ్నీ జబ్బు వస్తుంది, పైకి కనిపించేసరికి చాలావరకు ముదిరిపోయి ఉంటుంది.